బండి ఎవరు నడిపారు

ఎముకల ఆస్పత్రి,
రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం.

మామయ్యగారికి, అత్తయ్యగారికి నమస్కారాలు.

ఫోను చేస్తే మీకు వినపడదు. అత్తయ్యగారు ఎత్తితే నా గొంతు విని ఏడుపు ఆపుకోలేక పెట్టేస్తున్నారు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. చేతులకి ఏమీ కాలేదు కదా, రాయగలను.

తొడ ఎముకలో కడ్డీ వేశారు. అది అతుక్కుంటుందట. ఎడమ పాదమే ఇంకా పైకి లేవడం లేదు. నరం నలిగిందని, ఓపిక పట్టాలని డాక్టరుగారు అన్నారు. నా పక్క మంచం ముసలాయన రోజూ పొద్దున్నే "లేచిందా పాదం?" అని అడుగుతాడు. లేవలేదంటే "మాకంటే బద్ధకం దానికి" అంటాడు. నేను నవ్వుతాను. తర్వాత నవ్వినందుకు సిగ్గేస్తుంది.

మీ అమ్మాయిని మీరు తీసుకెళ్ళేటప్పుడు నేను మత్తులో ఉన్నాను. చివరిచూపు కూడా దక్కలేదు. ఏ చీర కట్టారు? జుట్టు దువ్వారా? హెల్మెట్ తీశాక జుట్టు చెదిరిపోయిందని ఎప్పుడూ విసుక్కునేది.

ఆ రోజు మీరు నా మంచం దగ్గరికి వచ్చి ఒకే మాట అడిగారు, "బండి ఎవరు నడిపారు?" అని. నేను చెబితే మీకు వినపడదు కాబట్టి నా గుండె మీద వేలు పెట్టి చూపించాను. మీరు తల ఊపి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. రమ్మని అడిగే మొహం నాకు లేదు. ఒక్క ఉత్తరం ముక్క రాయండి చాలు.

మీ అల్లుడు

*

ఇల్లు.

అల్లుడుగారికి,

ఉత్తరం అందింది. మీ అత్తయ్య చదవలేదు. నేనే చదివాను.

ఆకుపచ్చ చీర కట్టాం. జుట్టు వాళ్ళమ్మ దువ్వింది. ఎంతసేపు దువ్విందో, చేతిలోంచి దువ్వెన లాక్కోవలసి వచ్చింది.

షెడ్డు మూసేశాను. బళ్ళు బాగుచేయమని వచ్చినవాళ్ళని వేరే చోటు చూసుకోమంటున్నాను. మీ బండిని లారీలో తెచ్చి దించారు. దాని మీద టార్పాలిన్ కప్పాను. విప్పి చూడలేదు, చూడను.

మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాను. ఇక ఈ జన్మలో బండి ఎక్కకండి. నడపడమే కాదు, ఇంకొకరి వెనక కూడా కూచోకండి. నా కూతురి మీద ఒట్టు వేసినట్టే అనుకోండి. ఈ మాట ఇస్తే చాలు, మన మధ్య వేరే లెక్కలేమీ లేవు.

ఇట్లు,
మీ మామయ్య

*

ఫిజియోథెరపీ సెంటరు,
వెనక వైపు గది.

మామయ్యగారికి నమస్కారాలు.

మాట ఇస్తున్నాను. ఎక్కను.

ఆస్పత్రి నుంచి నన్ను ఇక్కడికి మార్చారు. పెద్ద హాలు, గోడ పొడుగునా అద్దాలు, నడుమ పట్టుకుని నడవడానికి రెండు కడ్డీలు. ఆ కడ్డీల మధ్య ఇంతింత మగాళ్ళం ఏడాది పిల్లల్లా తప్పటడుగులు వేస్తుంటాం. ఫిజియో మేడమ్ మహా గట్టి మనిషి. "నొప్పిగా ఉంది మేడమ్" అంటే "మంచిదే, కాలు బతికే ఉందన్నమాట" అంటుంది.

మా సెల్ టవర్ల ఆఫీసు నుంచి సూపర్‌వైజరు వచ్చి చూసి వెళ్ళాడు. కొండల మీద టవర్లకి బండి తప్ప ఏదీ పోదు కదా. ఇక నేను తిరగలేనని ఆయనకే అర్థమైంది. ఆఫీసులో కుర్చీ పని చూస్తానన్నాడు. ఫిర్యాదులు రాసుకుని కుర్రాళ్ళని పంపే పని. సరేనన్నాను.

నా గది కింద వీధి మలుపు ఉంది. బళ్ళన్నీ అక్కడ గేరు తగ్గిస్తాయి. కళ్ళు మూసుకుని వింటుంటాను. ఇదిగో దీని చైను వదులైంది, దీనికి ఆయిలు మార్చాలి, వీడు క్లచ్చు మీద కాలక్షేపం చేస్తున్నాడు అనుకుంటుంటాను. ఇవన్నీ తను నేర్పినవే. మొదటిసారి నేను మీ షెడ్డుకి వచ్చినప్పుడు మీరు లేరు. బల్ల కింద నుంచి నూనె చేతులతో లేచి, "చైను ఇంత వదులుగా పెట్టుకుని ఊళ్ళు ఎలా తిరుగుతున్నారండీ, మీకు పెళ్ళాం పిల్లలు లేరా?" అని తిట్టింది. లేరన్నాను. "ఉంటే ముందే బిగించుకునేవారు" అంది. మీరు తనని బొంగరం అని ఎందుకు పిలిచేవారో ఆ రోజే తెలిసింది నాకు. నేను నోరు తెరిచేలోగా షెడ్డు అంతా నాలుగుసార్లు చుట్టి వచ్చింది.

ఇవన్నీ మీకు రాయకూడదేమో. చెప్పుకోడానికి వేరే ఎవరూ లేరు.

మీ అల్లుడు

*

ఇల్లు.

అల్లుడుగారికి,

రాయకూడదని అనుకున్నవి రాయకుండా ఉంటే బాగుండేది. మీ ఉత్తరం మీ అత్తయ్య కంట పడింది. రెండు రోజులు మంచం దిగలేదు.

ఎలాగూ రాస్తున్నాను గనక ఇక్కడి సంగతులు చెబుతాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. చెవిటివాడికి నిశ్శబ్దం ఏమిటంటారేమో. మా పిల్ల చప్పుడు నాకు చెవితో వినపడేది కాదు. అది ఇంట్లోకి వస్తే నేల అదిరేది, తలుపులు కొట్టుకునేవి, కంచాలు కదిలేవి. ఇప్పుడు కంచం పెట్టిన చోటే ఉంటోంది.

పలకరించడానికి వచ్చినవాళ్ళు రకరకాలుగా అంటున్నారట. పెదాలు చూస్తే నాకు సగం తెలుస్తుంది, మిగతా సగం వాళ్ళ మొహాలే చెబుతాయి. "అల్లుడు ఎంత జోరుగా నడిపాడో ఏమో" అంటారు. నేను కాదనను. అవుననను.

పెద్దవాడిని, మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి రాయడం చేతకాదు. నడిపినవాడు ఉన్నాడు, వెనక కూచున్నది పోయింది. ఈ ఒక్క మాట దగ్గరే నా బుర్ర ఆగిపోతోంది. మీరూ పోవాలని కాదు నా ఉద్దేశం. కానీ రోజూ పొద్దున లేస్తూనే, ఇద్దరిలో ఒకరిని మిగల్చాలనుకుంటే దాన్నే మిగల్చవచ్చుగా అనిపిస్తుంది. మీ అమ్మానాన్నలు ఉంటే వాళ్ళకీ ఎదురువైపు నుంచి ఇలాగే అనిపించేది. తప్పు పట్టకండి.

కొంతకాలం ఉత్తరాలు వద్దు.

మామయ్య

*

ఫిజియోథెరపీ సెంటరు.

మామయ్యగారికి,

వద్దన్నారు. అయినా రాస్తున్నాను. మీరు రాసినదానికి బాధపడి కాదు. నాకూ పొద్దున లేస్తూనే అదే అనిపిస్తుంది.

మీరు నన్ను ఆ ఒట్టు నుంచి వదిలేయాలి. అదే అడగడానికి రాస్తున్నాను.

పాదం లేచింది. నిన్న మేడమ్ చెయ్యి అడ్డం పెట్టి "తన్ను" అంది. తన్నాను. ఆవిడ చెయ్యి కదిలింది. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. అందరికీ ఇల్లు గుర్తొస్తుంది, వాళ్ళవాళ్ళు గుర్తొస్తారు. నాకు మాత్రం ఆ తన్నడంలో గేరు గుర్తొచ్చింది. ఎడమకాలు కదా. ఇక నడపగలను అని మనసు ఎగిరి గంతేసింది. ఆ వెంటనే మీ ఒట్టు గుర్తొచ్చి, పసిపిల్లాడి చేతిలోది లాక్కున్నట్టు ఏడ్చాను. మేడమ్ నొప్పి అనుకుంది.

మేము కట్టుకున్న సంసారమంతా ఆ బండి మీదే మామయ్యగారూ. దెబ్బలాడుకున్నా దాని మీదే, రాజీపడ్డా దాని మీదే. మా ఇంట్లో సోఫా లేదని అత్తయ్యగారు ఎన్నిసార్లు దెప్పారు! మేము ఇంట్లో కూచున్నది ఎప్పుడు? తన బట్టలు మీ దగ్గరున్నాయి, తన ఫోటోలు మీ దగ్గరున్నాయి. నాకంటూ మిగిలింది అదొక్కటే. దాన్ని కూడా తీసేసుకోకండి. మళ్ళీ ఒక్కసారి రోడ్డు మీదికి వెళితే తను నా దగ్గరికి వస్తుందని పిచ్చి ఆశ. పిచ్చి అని తెలుసు.

మిమ్మల్ని కాదని ఎక్కలేను. అందుకే అడుగుతున్నాను.

మీ అల్లుడు

*

ఫిజియోథెరపీ సెంటరు.

మామయ్యగారికి నమస్కారాలు.

వానలు మొదలయ్యాయి. మీ నుంచి జవాబు లేదు. చేతికర్రతో మెట్లు దిగుతున్నాను. అత్తయ్యగారు ఎలా ఉన్నారో ఆ ఒక్కటైనా రాయండి. ఒట్టు సంగతి మళ్ళీ ఎత్తను.

మీ అల్లుడు

*

ఇల్లు.

నాయనా,

ఇన్నేళ్ళూ అల్లుడివని "మీరు" అనే అన్నాను. ఇవాళ చెయ్యి "నువ్వు" అనే రాస్తోంది. ఏమనుకోకు.

మొన్న వానలు తగ్గాక మన వీధికి తారు వేయడానికి రోడ్డు పనివాళ్ళు వచ్చారు. మధ్యాహ్నం వాళ్ళలో ఒకావిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ మన గుమ్మం ముందు నిలబడింది. షెడ్డు మీద పేరు చూసిందట. అదే పేరు స్టిక్కరు మీ బండి ట్యాంకు మీద చూశానని, గుర్తుపెట్టుకున్నానని చెప్పింది. మీరు పడిన చోట అప్పుడు పని చేస్తున్నది వాళ్ళేనట. మిమ్మల్నిద్దరినీ ఎత్తి వ్యానులో పడుకోబెట్టినవాళ్ళలో ఆవిడ ఉంది.

ఏమని అడిగిందో తెలుసా? "ఆ నడిపిన పిల్లకి నయమైందా?" అంది.

మీ అత్తయ్య మొదట సరిగ్గా వినలేదనుకుంది. "నడిపింది మా అల్లుడమ్మా" అంది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నేను ఆవిడ పెదాల మీంచి కళ్ళు తిప్పలేదు. "కాదమ్మా, మగాయన వెనక కూచున్నాడు. ఆడపిల్ల అంత బండి నడుపుతోందే అని పార పక్కన పెట్టి మరీ చూశాను. జోరేం లేదు. నెమ్మదిగానే వస్తోంది. మలుపులో మేం పోసిన కంకర జారి రోడ్డు మీదికి వచ్చింది. దాని మీద చక్రం పడింది" అని చెప్పింది.

మీ అత్తయ్య గోడ పట్టుకుంది. నేనే అడిగాను, నా పిల్ల ఏమైనా మాట్లాడిందా అని. ఆవిడ దాని తల ఒళ్ళో పెట్టుకుందట. పిల్ల "తాళం తిప్పమ్మా, పెట్రోలు కారుతోంది" అందట. అంతే. ఇంకేమీ అనలేదట.

పడితే మొదట ఇంజను ఆపాలి, నీ దెబ్బ తర్వాత చూసుకో అని దానికి నేర్పింది నేను. ఈ పెరట్లోనే నేర్పాను. ఒళ్ళు అలా అయిపోయి కూడా పాఠం మర్చిపోలేదు. తండ్రిగా సంతోషించాలో గుండె బాదుకోవాలో తెలియక ఆవిడ ముందే కుప్పకూలాను. పిల్లకి నయం కాలేదని మీ అత్తయ్య చెప్పింది. ఆవిడ మా ఇద్దరి మధ్యా నేల మీద కూచుని, తర్వాత లేచి పనిలోకి వెళ్ళింది.

ఎందుకు చేశావురా ఈ పని? వేలు నీ గుండె మీద ఎందుకు పెట్టుకున్నావు? నేను రాయకూడని మాటలన్నీ రాశాను. నువ్వుండి అది పోయిందన్నాను. కత్తితో పొడిచినా ఇంత కాదు. అన్నీ మింగి "నాకూ అదే అనిపిస్తుంది" అని జవాబు రాశావు.

ఒట్టు తీసేస్తున్నాను. నడపాలనుంటే నడుపుకో. నీ మీద నాకు ఏ హక్కూ లేదు. ఉండనిస్తే ఒక్కటి, కొడుకువని పిలుచుకుంటాను.

మీ మామయ్య

*

ఫిజియోథెరపీ సెంటరు.

మామయ్యా,

నేనూ "గారు" వదిలేశాను. ఇప్పుడు ఎవరూ ఏమీ అనుకోరు.

ఎందుకని అడిగారు. ఆ రోజు నన్ను స్ట్రెచర్ మీద నడవలో పెట్టారు. సగం మెలకువ. ఎవడో ఇంకెవడితోనో అంటున్నాడు, "ఆ పిల్లే నడిపిందట, ఆడపిల్ల చేతికి బండి ఇస్తే ఇంతే మరి" అని. ఎవడో కూడా తెలీదు. తను బతికి ఉంటే లేచి వాడికి నాలుగు వాయించేది. లేవలేదు. నేను లేవలేను. అప్పటికి తను లేదని నాకు చెప్పలేదు, కానీ తెలిసిపోయింది.

తర్వాత మీరు వచ్చారు. మీ వెనక బంధువులంతా ఉన్నారు. "బండి ఎవరు నడిపారు?" అన్నారు. తనే అని చెబితే వాళ్ళంతా ఏమంటారో ముందే వినపడింది. తండ్రే నేర్పి చంపుకున్నాడంటారు. మీకు చెవులు వినపడకపోయినా ఆ మాట మాత్రం వినపడుతుంది. అందుకే వేలు నా వైపు తిప్పాను. ముందుగా ఆలోచించి చేసింది కాదు. తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. నన్ను మీరు తిట్టినప్పుడల్లా, పోనీ వేరే ఎవరినీ తిట్టుకోవడం లేదు కదా అనుకునేవాణ్ణి. అనుకున్నంత తేలికేం కాదది.

నిజం ఇది. సగం దూరం నేను నడిపాను. పెట్రోలు బంకు దగ్గర దిగి నడుం విరుచుకుంటుంటే "ముసలాడివైపోయావు, ఇటివ్వు" అని తాళం లాక్కుంది. వంటింటి కిటికీకి తెర వేయాలా వద్దా అని వాదించుకుంటూ వెళ్ళాం. నేను ఏదో అన్నాను. "ఇంటికెళ్ళాక తేలుద్దాం" అంది. ఆ తర్వాత మలుపు వచ్చింది.

ఇప్పుడు ఒట్టు సంగతి. మీ ఉత్తరం అందిన రోజే వాచ్‌మన్ని బతిమాలి అతని పాత బండి అడిగాను. సెంటరు వెనక బట్టలు ఆరేసే ఖాళీ స్థలం ఉంది. భయం వేస్తుందేమో అనుకున్నాను. ఏమీ లేదు. కాలు గేరు మీద తనంతట తానే పడింది. దుప్పట్ల మధ్య నుంచి చక్కర్లు కొట్టాను. వాచ్‌మన్ "భలే సార్" అంటున్నాడు.

మొదటి గేరు నుంచి రెండోదానికి మార్చాను. మార్చి, ఎదురుచూశాను. దేనికో వెంటనే తెలీలేదు. నేను గేరు మార్చినప్పుడల్లా వెనక నుంచి తన హెల్మెట్ వచ్చి నా హెల్మెట్‌కి టక్కున తగిలేది. "నెమ్మదిగా మార్చు" అని వీపు మీద గుద్దేది. తను నడిపేటప్పుడు నాది తనకి తగలకుండా మెత్తగా మార్చేది, అంత పనితనం. మూడో గేరు వేశాను. మళ్ళీ ఎదురుచూశాను. రెండు దుప్పట్ల మధ్య బండి ఆపేసి, దాని మీదే తల పెట్టి ఉండిపోయాను.

ఇక నడపను మామయ్యా. మీ మాటకి కాదు, దాన్ని మీరు తీసేశారు. భయమూ కాదు. ముందు కూచుంటే వెనక తను లేదు. వెనక కూచుందామంటే ముందు తను లేదు. ఇక ఆ బండి మీద నాకు చోటెక్కడుంది?

వద్దన్నంతకాలం కావాలనిపించింది. ఇచ్చేసరికి ఇదీ నా పరిస్థితి. కుర్చీ పనిలో చేరతానని ఆఫీసుకి చెప్పాను. ఇక్కడి నుంచి త్వరలో పంపేస్తారట. ఆ ఇంటికి, ఆ వంటింటికి ఒక్కణ్ణే వెళ్ళే ధైర్యం రావడం లేదు.

మీ
కొడుకు

*

ఇల్లు.

నాయనా,

నీ ఉత్తరం మీ అత్తయ్యకి నేనే చదివి వినిపించాను. నా గొంతు నాకు వినపడదు గనక ఎక్కడ బొంగురుపోయిందో తెలీలేదు. ఆవిడ మొహం చూసి తెలుసుకున్నాను.

చదవడం అయ్యాక, "నన్ను అక్కడికి తీసుకెళ్ళండి" అంది. ఎక్కడికని అడగలేదు. బస్సులో వెళదామన్నాను. "వద్దు. దాని మీదే తీసుకెళ్ళండి. అందులో ఏముందో నేనూ చూస్తాను" అంది. నీకు తెలుసుగా, మా పెళ్ళైనప్పటి నుంచి ఆవిడ బండి ఎక్కలేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఎక్కించబోతే "నాకు రెండు కాళ్ళిచ్చాడు దేవుడు" అంది. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ నడిచింది.

నా పాత బండి తీశాను. ఆవిడకి పిల్ల హెల్మెట్, పాతదే, పెట్టి పట్టీ బిగించాను. నా నడుం చుట్టూ చేతులు వేసి అంత గట్టిగా పట్టుకుంటుందని నేను ఏనాడూ అనుకోలేదు. ఊరు దాటాక వీపు మీద ఏదో అదురుతోంది. మాట్లాడుతోందేమో, నాకు వినపడడం లేదనుకుని పక్కకి ఆపాను. "ఏమన్నావు?" అన్నాను. "ఏమీ అనలేదు, పోనివ్వండి" అంది. మొహమంతా తడిసిపోయి ఉంది. మళ్ళీ అడగలేదు. అక్కడికి చేరేదాకా వీపు అదురుతూనే ఉంది.

అక్కడికి వెళ్ళాం గానీ, ఆ చోటేదో తెలీలేదు. రోడ్డు పని ఎప్పుడో అయిపోయింది. నల్లగా, నున్నగా, అద్దంలా ఉంది. గీతలు కూడా గీశారు. కంకర ముక్క ఒక్కటి లేదు. మలుపులు రెండున్నాయి, రెండూ ఒకేలా ఉన్నాయి. ఇదే అని నేనన్నాను. కాదు, అదే అయ్యుంటుందని ఆవిడంది. అడగడానికి మనిషి లేడు. బళ్ళు జుయ్యిమని పోతున్నాయి. ఒక్కరూ వేగం తగ్గించలేదు. ఎందుకు తగ్గిస్తారు, అంత మంచి రోడ్డు.

మా పిల్ల పడిన చోట రెండు నిమిషాలు నిలబడదామని వెళ్ళి, ఏ మలుపో తేల్చుకోలేక, చివరికి రెండిటికీ మధ్యన గట్టు మీద కూచున్నాం.

తిరిగి వస్తుంటే మీ అత్తయ్య నా భుజం తట్టి ఆపించింది. ముందుకి వచ్చి నా ఎదురుగా నిలబడి, పెదాలు నాకు కనపడేలా నిదానంగా చెప్పింది. "పిల్లకి ఇది ఎందుకంత ఇష్టమో ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ తిట్టాను. ఇక మీరు ఎక్కకండి. నాకు ఇంకెవరూ లేరు" అంది. ఇంటికి వచ్చాక బండి షెడ్డులో పెట్టి, నీ బండి టార్పాలిన్ కూడా విప్పి, రెండు బళ్ళ పెట్రోలూ తీసేశాను. నీ వయసులో నువ్వు వదిలేశావు. నా వయసులో నేను వదిలేస్తే గొప్పేముంది?

ఆ వంటింటికి నువ్వు ఒక్కడివీ వెళ్ళనక్కర్లేదు. మేమిద్దరం వచ్చి నిన్ను తీసుకెళ్తాం. కావలసినన్నాళ్ళు నీతో ఉంటాం, లేదా నువ్వే మాతో ఇక్కడికి వచ్చెయ్. ఏదైనా సరే.

ఒక్క పని మాత్రం నువ్వే చేయాలి, ఇంకెవరూ చేయలేరు. దారిలో ఆ రోడ్డు దగ్గర దిగుదాం. ఏ మలుపో చూపించు నాయనా. మీ అత్తయ్య రోజూ అడుగుతోంది.

బస్సులో వెళదాం, ముగ్గురం.

మీ మామయ్య